రోజూ మూడు మంచి విషయాలు రాస్తున్నా, 43వ రోజుకి విసుగొచ్చేసింది

సగం_నిద్ర
నెలన్నర క్రితం మా ఆఫీసులో సంతోషంగా ఉండటం ఎలా అని ఒక సెషన్ పెట్టారు. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు పుస్తకంలో రాసుకోండి, కృతజ్ఞతగా తలచుకోండి, ఇరవై ఒక్క రోజుల్లో మీరే వేరే మనిషి అయిపోతారు అన్నారు. పోయేదేముందిలే అని మొదలుపెట్టాను. మొదటి వారం నిజంగానే బాగుంది. మెట్రోలో సీటు దొరకడం, పాపకి జ్వరం తగ్గడం, ఎదురింటావిడ గిన్నెలో పెట్టి పంపిన ఉసిరికాయ పచ్చడి. రాస్తుంటే రోజు మరీ అంత దరిద్రంగా ఏమీ గడవలేదులే అనిపించేది.

ఇవాళ 43వ రోజు. నిన్న రాత్రి పేజీలు వెనక్కి తిప్పి చూస్తే గత రెండు వారాల్లో పదకొండు రోజులు ఒకటే రాశాను. "1. ఆరోగ్యం 2. కుటుంబం 3. ఉద్యోగం." చిన్నప్పుడు టీచర్ ఇంపోజిషన్ ఇచ్చినట్టు. ఒక రోజైతే నిద్రమత్తులో "డిట్టో" అని రాసి పడుకున్నాను. మా ఆయన చూసి "దేవుడికి హాజరు వేస్తున్నావా" అని ఒకటే నవ్వు.

దీనికి తోడు కొత్త తలనొప్పి ఒకటి. మేనేజర్ మీద ఒళ్ళు మండినప్పుడల్లా "అసలు ఉద్యోగం ఉంది, సంతోషించాలి కదా" అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఇదివరకు కోపం ఒక్కటే ఉండేది. ఇది ఎవరికైనా నిజంగా పనిచేసిందా? చేస్తే మీరెలా చేశారు? లేక ఆపేయనా?

పుల్లట్టు
డిట్టో.

మొండిఘటం
ఆపేయండి. జీతం ఇచ్చేవాళ్ళే జీతం వస్తున్నందుకు సంతోషించమని సెషన్ పెడితే అక్కడే అర్థం కావాలి. మాకూ పెట్టారు, సరిగ్గా ఇంక్రిమెంట్లు ఆపేసిన నెలలో. ఆడవాళ్ళకి "సర్దుకుపో" అని అమ్మమ్మల కాలం నుంచీ చెప్తున్న మాటకే ఇప్పుడు మంచి అట్ట వేసి పుస్తకం చేతికిస్తున్నారు.

కాకినాడ_కాజా
మొండిఘటం గారూ, మీకు మంచి అట్ట ఉన్న పుస్తకమైనా ఇచ్చారు. మాకు పీడీఎఫ్.

లెక్కల_మాస్టారు
ఆఫీసు వాళ్ళ ఉద్దేశం ఏదైనా, ఈ పద్ధతి వాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన అచ్చేశారు. కాలేజీ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఆ వారంలో కృతజ్ఞత కలిగించిన విషయాలు ఐదు దాకా రాయాలి, ఇంకో గుంపు చిరాకు పెట్టినవి రాయాలి, మూడో గుంపు ఊరికే జరిగినవి రాయాలి. అలా పది వారాలు. మంచివి రాసినవాళ్ళు మిగతావాళ్ళ కంటే తమ జీవితం బాగుందని చెప్పారు, ఒంటి నొప్పుల ఫిర్యాదులు తగ్గాయి, వ్యాయామం కూడా కొంచెం ఎక్కువ చేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, అది వారానికి ఒక్కసారి. రోజూ కాదు. (రోజూ రాయించిన ప్రయోగాలు కూడా వాళ్ళే చేశారు, కానీ అవి రెండు మూడు వారాలే.) తర్వాత సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆరు వారాలు ఇంకోలా చేసి చూసింది. వారానికి ఒకసారి రాసినవాళ్ళకి లాభం కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్ళకి కనిపించలేదు. కాబట్టి సగం_నిద్ర గారి 43వ రోజు విసుగు ఆవిడ తప్పు కాదు. రోజూ పాయసం పెడితే ఎవరికైనా మొహం మొత్తుతుంది.

ఆ ఇరవై ఒక్క రోజుల లెక్క ఎక్కడిదో మాత్రం ఆ సెషన్ చెప్పినాయన్నే అడగండి.

పుల్లట్టు
మాస్టారూ, మా ఆవిడ వారానికి ఒకసారి పాయసం పెట్టినా నేను కృతజ్ఞుడినే.

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని, ఐసీయూలో. సగం_నిద్ర గారి జాబితా చూడగానే ఒకటి అనిపించింది. "ఆరోగ్యం" అని రాస్తే నాకూ ఏమీ అనిపించదు. అది మరీ పెద్ద మాట, చేతికి దొరకదు.

పోయిన నెల ఒక పెద్దాయనకి వెంటిలేటర్ గొట్టం తీశారు. తొమ్మిది రోజుల తర్వాత. గొంతు ఎండిపోయి మాట రావడం లేదు, నీళ్ళు కావాలని సైగ చేస్తున్నాడు. డాక్టర్ సరే అన్నాక తల దిండు ఎత్తుగా పెట్టి స్పూనుతో కాసిని నీళ్ళు పెదాల మధ్య పోశాను. పొలమారుతుందేమోనని నా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. గొంతు మీద ఆ ముడి పైకి లేచి కిందికి దిగింది. మింగాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి అన్నట్టు నోరు తెరిచాడు. నాలుగు స్పూన్లు.

పొద్దున ఇంటికి వచ్చి బిందెలో చెంబు ముంచి గటగటా తాగేస్తుంటే మధ్యలో ఆగిపోయాను. ఆ రోజు నేను ఏ పుస్తకంలోనూ రాయలేదు, కానీ అది ఇప్పటికీ మర్చిపోలేదు. మీరు రాస్తే "ఆరోగ్యం" అని కాకుండా "పాప జ్వరం తగ్గి రాత్రి ఒంటి గంటకి ఇడ్లీ కావాలంది" అని రాయండి. అది రేపు మళ్ళీ రాదు కాబట్టి డిట్టో కొట్టలేరు.

ఇంకో మాట. నిజంగా డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి ఈ పుస్తకం మందు కాదు. "నీకేం తక్కువ, దేవుడు అన్నీ ఇచ్చాడు" అని వాళ్ళకి చెప్పకండి. వాళ్ళకి ఆ సంగతి తెలుసు, తెలిసి కూడా ఏమీ అనిపించకపోవడమే వాళ్ళ బాధ. ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో కూడా మాట్లాడతారు.

లెక్కల_మాస్టారు
రాత్రి_డ్యూటీ గారు చెప్పినదానికి తోడు: 2021లో ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేశారు. డిప్రెషన్, ఆందోళన మీద దీని ప్రభావం చాలా కొంచెమే అని తేలింది. మామూలుగా ఉన్న మనిషికి ఓ చిటికెడు మేలు చేస్తుంది, అంతవరకే.

డాలస్_గోంగూర
ఇక్కడ నవంబర్ నాలుగో గురువారం థాంక్స్ గివింగ్. స్కూల్లో పిల్లల చేత కాగితం ఆకులు కత్తిరించి ఒక్కో ఆకు మీద ఒక్కో థాంక్స్ రాయిస్తారు. మా అమ్మాయికి అది బాగా అలవాటైపోయింది. పోయినేడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు, ఆవిడ దోసె వేసి ప్లేటులో పెట్టిన ప్రతిసారీ "థాంక్యూ అమ్మమ్మా". మూడో దోసెకి మా అమ్మ అట్లకాడ పక్కన పెట్టేసి నాతో "ఇదేంటే, నేనేమన్నా హోటల్లో సర్వర్నా? పరాయిదానికి చెప్పినట్టు చెప్తోంది" అని మొహం చిన్నబుచ్చుకుంది. పిల్లకి ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు.

చివరికి అమ్మమ్మే దానికి నేర్పింది. "బాగుంది, ఇంకోటి వెయ్యి అను, చాలు". ఇప్పుడు డాలస్‌లో ఎవరింటికి వెళ్ళినా ఇంకోటి వెయ్యి అంటోంది. అది వేరే సమస్య.

గోదారి_గట్టు
మీ అమ్మగారిదే రైటు. మన ఇళ్ళల్లో థాంక్స్ ఎవడు చెప్తాడండీ. "ధన్యవాదాలు" అంటే బస్టాండు మైకులో విన్నట్టు ఉంటుంది. మనకి వేరే మాటలున్నాయి. నీ కడుపు చల్లగా, నీ పుణ్యమా అని, నీ రుణం తీర్చుకోలేను, అన్నదాతా సుఖీభవ. కనుమ నాడు పశువులకి కడిగి బొట్టు పెడతాం, ఏరువాక నాడు నాగలికి పూజ చేస్తాం. కృతజ్ఞత మనకి చేతల్లో ఉంది.

పుల్లట్టు
దసరాకి బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి మరీ మొక్కుతాం. రోజూ వండిపెట్టే మనిషికి ఏడాదికోసారైనా దండ పడిందా అంటే, పెళ్ళిలో ఒకసారి.

డాలస్_గోంగూర
పుల్లట్టు గారూ, మీ ఆవిడకి ఈ చర్చ లింకు పంపండి.

పుల్లట్టు
పంపితే పాయసం ఆగిపోతుంది.

ఓరుగల్లు_పిలగాడు
గోదారి_గట్టు అన్న చెప్పింది సగమే కరెక్టు. చేతల్లో ఉంది అనుకుంటూ మొత్తానికే చెప్పకుండా పోతున్నం. నా సంగతి చెప్తా.

మా నాయన నా ఇంజనీరింగ్ ఫీజుకి ఎడ్లు అమ్మిండు. అప్పటి సంది సేద్యానికి ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకున్నడు. ఈ ముచ్చట మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఎత్తలేదు. ఉగాది ముందు ఒక రాత్రి ఎందుకో అనిపించి ఫోన్ చేసిన. "నాన్నా, ఆనాడు నువ్వు ఎడ్లు అమ్మి ఫీజు కట్టినవు. నాకు యాదికుంది" అన్న. ఫోన్లో చప్పుడు లేదు. కొంచెం సేపటికి "పైసలేమన్న కావాల్నా బిడ్డా" అన్నడు.

వద్దు నాన్నా, ఊరికే చెప్తున్న అంటే "సరే తిని పండుకో" అని పెట్టేసిండు. తెల్లారి అమ్మ ఫోను: "రాత్రి ఏం చెప్పినవురా, మీ నాయన పండుకోలే. పిలగానికి ఉద్యోగం పోయిందా, పానం బాగలేదా అని ఒకటే గుంజాటన". ఆమెకు సముదాయించి చెప్పేసరికి నా తాతలు దిగొచ్చిండ్రు.

నాలుగు రోజులకు ఆర్టీసీ కార్గోలో ఒక బస్తా వచ్చింది. పది కిలోల పల్లీలు, కొలిచి ఒలిచి. పైన గోనెసంచి మీద నా పేరు మా నాయన చేతిరాత. ఆ పల్లీలు ఇంకా అయిపోలే.

కాకినాడ_కాజా
"పైసలేమన్న కావాల్నా" దగ్గర నవ్వాను, పల్లీల దగ్గర నవ్వలేకపోయాను.

లెక్కల_మాస్టారు
ఓరుగల్లు_పిలగాడు చేసినదానికి కూడా పరిశోధన ఉంది, నవ్వకండి. 2005లో మార్టిన్ సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి చేశారు. మనకి మేలు చేసి, మనం ఎప్పుడూ సరిగ్గా చెప్పని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వాలి. వాళ్ళు పరీక్షించినవాటిలో అప్పటికప్పుడు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. అయితే నెల దాకానే నిలిచింది, మూడు నెలలకి మళ్ళీ మామూలే. అదే ప్రయోగంలో రోజుకి మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో కూడా ఒక వారం పాటు రాసినవాళ్ళకి లాభం ఆరు నెలల దాకా కనిపించింది. వాళ్ళలో చాలామంది వారం అయిపోయాక కూడా తమంతట తామే కొనసాగించారట.

సగం_నిద్ర గారూ, "ఎందుకు జరిగింది" అనేది మీరు రాస్తున్నారా?

సగం_నిద్ర
లేదు మాస్టారూ. ఆ సంగతి సెషన్లో చెప్పనే లేదు. ఇప్పుడే మొదటి వారం పేజీలు తీసి చూశాను. పాప జ్వరం తగ్గింది అని రాశాను. ఎందుకు తగ్గింది? ఆ మూడు రోజులూ మా పనావిడ సాయంత్రం ఇంకో గంట ఉండి గంజి కాచి పట్టింది, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా. ఆవిడ పేరు ఈ 43 రోజుల్లో ఒక్కసారి కూడా రాయలేదు.

మొండిఘటం
ఆ, ఇప్పుడు దారిలోకి వచ్చారు. పేరు రాస్తే ఏమొస్తుందండీ ఆవిడకి? ఆ గంటకి డబ్బులిచ్చారా? నెలకి ఎన్ని సెలవులిస్తారు?

గోదారి_గట్టు
అన్నిట్లో డబ్బు తేకండి మొండిఘటం గారూ. మా డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలు ఉంటాయి. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అంతకు ముందు కరువులకి, వరదలకి జనం పోయేవారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మే 15న ఆయన జయంతికి దండ వేస్తాం. పరాయి దేశం వాడు, పాలించడానికి వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, అయినా మేలు మేలే. మా తాత అన్నం ముందు కూర్చుంటే ఒక్కోసారి కాటన్ పేరు తలిచేవాడు. ఇందులో ఎవరికి ఎవరు డబ్బులిచ్చారు?

మొండిఘటం
గోదారి_గట్టు గారూ, కాటన్ గారి మీద నాకూ గౌరవమే. కానీ ఆ రాళ్ళు మోసినవాళ్ళు? ఐదేళ్ళపాటు నదిలో దిగి పనిచేసిన కూలీలు? వాళ్ళ విగ్రహం ఒక్కటి చూపించండి. కంపెనీ కూడా ఊరికే కట్టలేదు, నీళ్ళు పారితే శిస్తు పెరుగుతుందని లెక్క చూసుకునే డబ్బిచ్చింది. మన కృతజ్ఞత ఎప్పుడూ గుర్రం మీద ఉన్నవాడికే వెళ్తుంది.

గోదారి_గట్టు
గుర్రం సంగతి ఒప్పుకుంటాను, చాలా విగ్రహాలు అలాగే ఉంటాయి. కూలీల సంగతి... మా ఊళ్ళో కూడా మా ముత్తాతల్లో ఎవరో ఆ పనికి వెళ్ళారని అంటారు. పేరు మాకే తెలీదు. సరే, ఈ మాట మీదే నెగ్గింది. ఈ ఒక్కటే.

చర్చిగంట
మా చర్చిలో డిసెంబర్ 31 రాత్రి సాక్ష్యాలు చెప్తారు. ఎవరు లేచినా ఒకటే వాక్యం, "గడిచిన సంవత్సరమంతా కాచి కాపాడిన దేవునికి స్తోత్రం". సగం_నిద్ర గారి ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం లాగే. పోయినేడు ఒక ముసలావిడ లేచి, వానాకాలంలో ఇంటి పైకప్పు రేకు ఎగిరిపోతే పక్కింటి కుర్రాడు అర్ధరాత్రి టార్చి నోట్లో పెట్టుకుని ఎక్కి తాడుతో కట్టాడని చెప్పింది. వాడు వెనక బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. వాడు సిగ్గుతో ఫోన్ కింద పడేశాడు.

కాకినాడ_కాజా
స్క్రీన్ పగిలిందా?

చర్చిగంట
పగిలింది. మేలు చేసినవాడికి అదీ ఫలితం.

ఇరానీ_చాయ్
సగం_నిద్ర గారు మొదట్లో అడిగిన రెండో ప్రశ్న అందరూ వదిలేశారు, కోపం వస్తే గిల్టీగా ఉంటోందని. నాకు మా దాదీ గుర్తొచ్చింది. ఎప్పుడు, ఎవరు "కైసే హో" అన్నా జవాబు ఒకటే, "అల్లా కా షుకర్", అంటే అల్లాకి కృతజ్ఞతలు అని. మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేని రోజు కూడా. చిన్నప్పుడు నేను అబద్ధం చెప్తోందనుకునేవాడిని.

తర్వాత గమనించాను. షుకర్ చెప్పేశాక ఆగేది కాదు. అక్కణ్ణుంచి పది నిమిషాలు మోకాళ్ళని, మందులిచ్చిన డాక్టర్ని, మెట్లు ఎత్తుగా కట్టిన మా తాతని వరసపెట్టి తిట్టేది. ఒకదాని వల్ల ఇంకోటి తగ్గేది కాదు. షుకర్ షుకరే, మెట్లు మెట్లే. మీరు మేనేజర్ని హాయిగా తిట్టుకోండి.

సగం_నిద్ర
ఇరానీ_చాయ్ గారూ, ఇది చదివి నిజంగా ప్రాణం లేచొచ్చింది. థాంక్స్... అంటే, ఇంకోటి వెయ్యండి.

డాలస్_గోంగూర
😂 మా అమ్మకి చూపిస్తా ఇది.

మొండిఘటం
అందరూ నవ్వుకున్నాక ఒక్కసారి నా ప్రశ్నకి కూడా రండి. సెలవులెన్ని?

రాత్రి_డ్యూటీ
మొండిఘటం గారూ, కాస్త మెల్లగా. ఆవిడ ఇక్కడ సాయం అడగడానికి వచ్చింది, బోనులో నిలబడటానికి కాదు. అయినా మీ ప్రశ్న నాకు కూడా గుచ్చుకుంది. మా వార్డులో పొద్దున నాలుగింటికి అందరికీ టీ తెచ్చే ఆయా ఉంది. ఆవిడ టీ తాగిందా అని నేను ఎప్పుడూ అడగలేదు.

సగం_నిద్ర
చెప్తాను. నెలకి ఒక్క సెలవు. అది కూడా ఆవిడ అడిగితేనే. ఇది టైపు చేస్తుంటే ఎలా ఉందో మీకు తెలీదు. ఆగండి, రెండు వారాల్లో మళ్ళీ వస్తాను.

పుల్లట్టు
వెళ్ళే ముందు ఆ ఎదురింటావిడ ఉసిరికాయ పచ్చడి గిన్నె తిరిగి ఇచ్చారా? ఖాళీగా ఇవ్వకూడదు.

సగం_నిద్ర
అయ్యో. ఇంకా మా వంటింట్లోనే ఉంది.

లెక్కల_మాస్టారు
నలభై మూడు రోజులుగా గిన్నె దగ్గర పెట్టుకుని కృతజ్ఞత గురించి రాస్తున్నారన్నమాట.

సగం_నిద్ర
వచ్చాను. పదిహేను రోజులైంది.

గిన్నె ఇచ్చాను, అందులో గోధుమ రవ్వ హల్వా పెట్టి. మర్నాడే ఇంకో గిన్నె వచ్చింది, ఈసారి దొండకాయ వేపుడు. దీనికి అంతు ఉన్నట్టు లేదు.

పనావిడకి వారానికి ఒక ఆదివారం సెలవు అన్నాను, జీతంలో కోత లేకుండా. ఆ జ్వరం రోజుల అదనపు గంటల డబ్బులు కవర్లో పెట్టి ఇచ్చాను, ఆ గంజి లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు అని కూడా చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి "ఏమ్మా, నన్ను మానిపించేస్తున్నారా?" అంది. (ఓరుగల్లు_పిలగాడు గారి నాన్నగారు గుర్తొచ్చారు.) కాదని ఒట్టు వేసి నమ్మించేసరికి అరగంట పట్టింది. మొన్న ఆదివారం కూతురింటికి వెళ్ళొచ్చిందట, సోమవారం వచ్చి మనవడి ఫొటోలు చూపించింది. ఆవిడకి మనవడు ఉన్నాడని మూడేళ్ళలో నాకు తెలీదు.

పుస్తకం వారానికి ఒకసారే రాస్తున్నాను, ఎందుకు జరిగిందో కూడా. ఇవాళ రాయాల్సిన రోజు. కానీ ఇవాళ ఆదివారం, సింకు నిండా గిన్నెలున్నాయి, మా ఆయన మ్యాచ్ చూస్తున్నాడు.

మొండిఘటం
మీ ఆయన్ని లేపండి.

పుల్లట్టు
మొండిఘటం గారూ, నా ప్రాణం మీదికి తేకండి, మా ఆవిడ నా వెనకే నిలబడి ఇది చదువుతోంది.

సగం_నిద్ర
లేపాను. ఆయన తోముతున్నాడు, నేను కడుగుతున్నాను. హల్వా మూకుడు మాడు వదలడం లేదు.

ఓరుగల్లు_పిలగాడు
బూడిద, చింతపండు వెయ్యండి అక్కా.